ఎక్స్‌యూనిట్‌లో ‘ఇగ్నోర్‌లైన్‌ఎండింగ్‌డిఫరెన్సెస్’: మూడేళ్ల వాడకం తర్వాత

ఎక్స్‌యూనిట్ అనేది డాట్‌నెట్ కోడ్‌కు టెస్టులు రాసే లైబ్రరీ. రెండు స్ట్రింగులను (టెక్స్ట్ విలువలను) పోల్చేటప్పుడు వరుస ముగింపుల తేడాను పట్టించుకోవద్దని దానికి చెప్పే పారామీటరే ‘ఇగ్నోర్‌లైన్‌ఎండింగ్‌డిఫరెన్సెస్’. విండోస్‌లో వరుస చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అనే రెండు అక్షరాలు ఉంటాయి. లినక్స్‌లో లైన్ ఫీడ్ ఒక్కటే ఉంటుంది. ఈ తేడా ఎడిటర్‌లో కంటికి ఆనదు కనుక, మా ల్యాప్‌టాప్‌లన్నింటిలో పాసైన టెస్టులు లినక్స్ బిల్డ్ సర్వర్‌పై ఫెయిలైనప్పుడు కారణం పట్టుకోవడానికి నాకు ఒక రోజంతా పట్టింది. రిపోర్టు తయారుచేసే మా కోడ్, టెక్స్ట్‌ను కూర్చే స్ట్రింగ్‌బిల్డర్‌లోని అపెండ్‌లైన్ ఫంక్షన్‌ను వాడుతుంది. అది నడుస్తున్న సిస్టమ్‌ను బట్టి వరుస ముగింపును చేరుస్తుంది. పోల్చవలసిన నమూనా మాత్రం సీ షార్ప్ రా స్ట్రింగ్‌లో, అంటే కోడ్‌లో రాసింది రాసినట్టే ఉండే స్ట్రింగ్‌లో ఉంది. దానికి సోర్స్ ఫైలులో ఉన్న ముగింపులే వస్తాయి.

ఎక్స్‌యూనిట్‌లో పోలిక చేసే అసర్ట్ ఈక్వల్ ఫంక్షన్‌కు ఈ పారామీటర్‌ను ట్రూగా ఇస్తే, రెండక్షరాల ముగింపునూ, విడి క్యారేజ్ రిటర్న్‌నూ, విడి లైన్ ఫీడ్‌నూ సమానంగా ఎంచుతుంది. ఇన్నాళ్లలో అది నన్ను ఒక్కసారీ నిరాశపరచలేదు. అయితే డిఫాల్టుగా ఫాల్స్ కావడం వల్ల ప్రతిచోటా గుర్తుపెట్టుకుని రాయాలి. మేము చివరికి దానికోసం ఒక చిన్న సహాయక ఫంక్షన్ రాసుకున్నాం. స్ట్రింగుల జాబితాలను పోల్చేటప్పుడు ఈ సౌకర్యం లేకపోవడం నిజమైన లోటు.

అలాంటి చోట్ల 2021లో డాట్‌నెట్ 6తో వచ్చిన రీప్లేస్‌లైన్‌ఎండింగ్స్ అనే ఫంక్షన్‌ను వాడి, రెండు వైపులా లైన్ ఫీడ్‌కు మార్చి పోలుస్తాను. అది ఎంతో ఉపయోగకరమే కానీ, ఫారం ఫీడ్‌ను కూడా వరుస ముగింపుగానే లెక్కిస్తుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మా రిపోర్టులో పేజీ విరుపుకు ఆ అక్షరమే గుర్తు. ఒక మార్పులో అది పోయి దాని స్థానంలో మామూలు వరుస ముగింపు వచ్చినా, టెస్టు దాన్ని పట్టుకోలేదు. ఎక్స్‌యూనిట్ పారామీటర్ అయితే ఫారం ఫీడ్ జోలికి పోదు కనుక, రిపోర్టుల విషయంలో నేను దానికే ఓటు వేస్తాను.

షెల్ స్క్రిప్టులను తయారుచేసే కోడ్‌కు మాత్రం ఈ రెండింటిలో దేన్నీ వాడను. స్క్రిప్టు మొదటి వరుస చివర క్యారేజ్ రిటర్న్ మిగిలితే లినక్స్ దాన్ని, ఆ వరుసలో రాసిన ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్) పేరులో భాగంగా చదివి, ఆ పేరుతో ప్రోగ్రామ్ దొరక్క నడపలేకపోతుంది. అందుచేత అక్కడ పోలిక యథాతథంగానే జరగాలి, పైగా ఆ అక్షరం ఎక్కడా లేదని విడిగా ఒక టెస్టు కూడా ఉంచాను.