ఐ-5 వంతెన: పెద్దదా, చిన్నదా?

అమెరికాలో పోర్ట్‌లాండ్‌కీ వాంకూవర్‌కీ (కెనడాది కాదు, వాషింగ్టన్ రాష్ట్రంలోది) మధ్య కొలంబియా నదిపై ఐ-5 అనే జాతీయ రహదారికి ఉన్న వంతెనలో ఒక సగం 1917ది, రెండో సగం 1958ది. పునాదిలో చెక్క దుంగలు. గట్టి భూకంపం వస్తే అంతే సంగతులు. కొత్తది కట్టాలన్నదాంట్లో పేచీ లేదు, తగువంతా సైజు దగ్గరే.

ఖర్చు
పెద్దది: వంతెనతోపాటు 5 మైళ్ల రోడ్డు, 7 ఇంటర్‌ఛేంజ్‌లు (హైవేలోకి ఎక్కే, దిగే కూడళ్లు). 2022 చివర్లో అంచనా 500–750 కోట్ల డాలర్లు.
చిన్నది: పౌర సంఘాలు అడిగేది ఇదే. అదనపు లేన్లు, ర్యాంపులు తగ్గితే బిల్లూ తగ్గుతుంది.

ట్రాఫిక్
పెద్దది: మొదట్లో హాయి. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేని 2008కల్లా బాగా వెడల్పు చేశారు, కొన్నేళ్లకే మళ్లీ జామ్.
చిన్నది: టోలు, లైట్ రైలే (నగరంలో తిరిగే చిన్న రైలు) దిక్కు. నిజానికి ఆ రెండూ పెద్ద ప్లాన్‌లోనూ ఉన్నాయి. మరి అన్ని లేన్లెందుకు?

రిస్క్
పెద్దది: డబ్బు చాలక ఆగిపోవడం. 2013లో ఇలాంటి ప్లానే వాషింగ్టన్ రాష్ట్ర సెనేట్ నిధులివ్వక మూలపడింది.
చిన్నది: డిజైన్, అనుమతులు మళ్లీ మొదటికి. భూకంపం అందాకా ఆగదు.

నిధులు పూర్తిగా చేతిలో ఉండి, సరుకు లారీలే ప్రధానమైతే పెద్దది. డబ్బుకు కటకటగా ఉండి, రైలు ఎలాగూ వస్తుంటే చిన్నదే మేలు. ఇక్కడ నా ఓటు చిన్నదానికే.