లిగూరియాలో డబ్బు ఎక్కడ పోతుంది, రుచి ఎక్కడ దొరుకుతుంది

ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియాలో జేబు చిల్లుపడేది హోటల్ గదుల దగ్గరనుకుంటారు చాలామంది. అంతకంటే ఘోరంగా పడేది చేపల దగ్గర. సముద్రానికి ఎదురుగా బల్లలు వేసిన రెస్టారెంట్లలో మెనూలో చేప పక్కన 8 అని ఉంటుంది, ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ‘ఎత్తో’ అని. అంటే వంద గ్రాములకు 8 యూరోలు. వెయిటర్ పచ్చి చేపను పళ్ళెంలో తెచ్చి చూపిస్తాడు, మనవాళ్ళు బాగుందని తలూపుతారు. అది 700 గ్రాములు తూగితే బిల్లులో 56 యూరోలు. ఆ తూకం కూడా వండకముందు, తలకాయా ముల్లూ కలుపుకుని. మెనూలో రాసే ఉంది కాబట్టి గొడవపడినా లాభం లేదు. ఒకటే మార్గం: పొయ్యి ఎక్కకముందే తూకం వేయించి, మొత్తం ధర కాగితం మీద రాయమని అడగాలి. అలా అడగడం అక్కడ మామూలే, ఎవరూ చిన్నచూపు చూడరు. రాయనంటే లేచి వచ్చేయండి.

బిల్లులో ‘కొపెర్తో’ అని మనిషికి 2, 3 యూరోలు పడితే మాత్రం కంగారు పడొద్దు. బల్లకీ రొట్టెకీ తీసుకునేది అది, మెనూలో ముందే రాసి ఉంటుంది. అది కట్టాక టిప్పు ఇవ్వాల్సిన పనిలేదు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. ఊరి మధ్య కూడలిలో కుర్చీ లాక్కుని కూర్చున్నారంటే రెట్టింపు ఖాయం.

అసలు తిండి ఉన్నది బేకరీల్లో. పొద్దున్నే వేడివేడి ఫొకాచ్చా: రెండు సెంటీమీటర్లకు మించని మందం, వేళ్ళతో నొక్కిన గుంటల్లో ఉప్పునీళ్ళూ ఆలివ్ నూనే నిలిచి ఉంటాయి. ఇక్కడి పెద్ద నగరం జెనోవా వాళ్ళు దాన్ని కాపుచ్చీనోలో ముంచుకు తింటారు. తూకానికి అమ్ముతారు, 2, 3 యూరోలకు చేతినిండా ముక్క వస్తుంది. మధ్యాహ్నానికి అది తోలులా సాగుతుంది కాబట్టి పదిలోపే తినాలి. రెక్కో ఊరి ఫొకాచ్చా వేరే సంగతి. అందులో ఈస్టు ఉండదు. కాగితంలా సాగదీసిన రెండు పిండి పొరల మధ్య తాజా చీజ్ పెట్టి కాలుస్తారు. 2015లో దానికి యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక్క ముక్క కోసం రైలు దిగినా తప్పులేదు.

తెలుగువాళ్ళు వదలకూడనిది ఫరీనాతా. సూటిగా చెప్పాలంటే ఓవెన్‌లో కాల్చిన శనగపిండి అట్టు. జెనోవా పాత రేవు పక్కన సొత్తోరీపా అనే కమానుల వరస ఉంది. అక్కడి వేపుడు కొట్లలో, చుట్టుపక్కల సందుల్లో పెద్ద రాగి పళ్ళేల్లో కట్టెల ఓవెన్‌లోంచి దిగుతుంది. కొలత తేలిక: 300 గ్రాముల పిండికి 900 మిల్లీలీటర్ల నీళ్ళు, 100 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె, 10 గ్రాముల ఉప్పు. పిండీ నీళ్ళూ కలిపి కనీసం నాలుగు గంటలు నాననిచ్చి, పైన తేలిన నురుగు తీసేసి, అప్పుడు ఉప్పూ నూనే కలుపుతారు. పళ్ళెంలో అర సెంటీమీటరు మందానికి మించకూడదు. మించిందా, పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. మన శనగపిండి పచ్చి శనగపప్పుది, వాళ్ళది తెల్ల శనగలది. ఇంట్లో చేసుకుంటే నీళ్ళు కాస్త తగ్గించి, పళ్ళేన్ని ముందే ఓవెన్‌లో బాగా కాల్చి పోయండి. మిరియాల పొడి చల్లుకుని వేడిగా తినాలి. చల్లారినది అంటగడితే తీసుకోవద్దు.

పెస్తో గురించి శాకాహారులకు ఒక మాట. తులసి జాతి బాసిల్ ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె వరకు పేచీ లేదు. అందులో పడే పార్మెజాన్ చీజ్‌కు పాలు విరిచేది దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తోనే. పట్టింపున్నవాళ్ళు చీజ్ లేకుండా అడగాలి, కానీ ముందే నూరి పెట్టుకుంటారు కాబట్టి చాలాచోట్ల కుదరదంటారు. పట్టింపు లేనివాళ్ళు బంగాళదుంప, బీన్స్ వేసి కలిపిన త్రోఫియె పాస్తా తెప్పించుకోండి. ఒక్క పూట తింటే చాలు, సీసాలో అమ్మే పెస్తో జోలికి మళ్ళీ పోరు.

ఇక బస. ఐదు ఊళ్ళ చింక్వె తెర్రెలో గది తీసుకోవద్దనే నా సలహా. ఫొటోలో కనిపించే ఆ రంగురంగుల ఇళ్ళన్నీ కొండకు అతుక్కుని ఉంటాయి. లిఫ్టు ఉండదు, గది దాకా కారు రాదు, సూట్‌కేసు మెట్ల మీద మోసేది మీరే. కొర్నీలియా అయితే స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లు. చింక్వె తెర్రె జాతీయ పార్కు అమ్మే కార్డు ఉంటే చిన్న బస్సు ఎక్కొచ్చు గానీ, రద్దీలో అది నిండిపోయి వెళ్ళిపోతుంటే పెద్దవాళ్ళ మొహాలు చూడలేం. పక్కనే ఉన్న లెవాంతో ఊళ్ళో దిగండి. నేల చదును, సూపర్‌మార్కెట్ ఉంది, ఇసుక తీరం ఉంది, ఆ ఐదు ఊళ్ళలో మొదటిదైన మొంతెరొస్సోకు రైల్లో ఐదారు నిమిషాలు. గది అద్దె కాక రాత్రికి మనిషికింత అని ఊరి పన్ను ఉంటుంది, చాలాచోట్ల నగదే అడుగుతారు.

రైలు లెక్క ముందే వేసుకోవాలి. సీజన్‌లో, అంటే మార్చి మధ్య నుంచి నవంబరు మొదటి దాకా, లెవాంతో–లా స్పెజియా మధ్య (ఐదు ఊళ్ళూ ఆ నడుమే) ఒక్కో ప్రయాణానికి రోజును బట్టి 5 నుంచి 10 యూరోలు. రైళ్ళకూ కాలిబాటకూ కలిపి పనికొచ్చే రోజు పార్కు కార్డు 2024 నుంచి రోజును బట్టి 19.50 నుంచి 32.50 దాకా ఉంది. రద్దీ లేని రోజు మూడు రైళ్ళు ఎక్కితే 15, తీరం వెంబడి కాలిబాటకు 7.50, మొత్తం 22.50 అవుతుంది. కార్డే నయం. నడక లేకుండా రెండే రైళ్ళయితే కార్డు దండగ. కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించకుండా రైలెక్కితే జరిమానా. ఫోన్‌లో కొన్నదానికి ఎక్కేముందు చెక్-ఇన్ నొక్కాలి. టూరిస్టులమని బతిమాలితే వినే టీసీలు తక్కువ.

నడకకు మొంతెరొస్సో–వెర్నాజ్జా దారి అన్నిటికంటే బాగుంటుంది: మూడున్నర కిలోమీటర్లు, రెండు గంటలు. మొంతెరొస్సో వైపు మెట్లు నిటారుగా ఉంటాయి, పొద్దున ఎనిమిదికల్లా మొదలుపెట్టాలి. పదయ్యేసరికి ఎదురొచ్చేవాళ్ళకు దారివ్వడానికి రాతిగోడకు అతుక్కుని నిలబడాల్సి వస్తుంది. ఆ గోడలకు సున్నం, సిమెంటు ఏమీ ఉండదు, రాయి మీద రాయి పేర్చినవే. వాటి వెనక నిలిచిన పిడికెడు మట్టిలోనే ద్రాక్ష. వాటి మీద ఎక్కి ఫొటోలు దిగొద్దు, ఒక రాయి కదిలితే వరస జారుతుంది. చెప్పులతో బాట ఎక్కితే జరిమానా 50 యూరోల నుంచి మొదలు. వాన హెచ్చరిక ఉన్న రోజు బాటలు మూసేస్తారు. 2011 అక్టోబరు 25న వెర్నాజ్జా, మొంతెరొస్సో బురదలో కూరుకుపోయాయి, కాబట్టి ఆ జాగ్రత్త మీద విసుక్కోకండి. రియోమజ్జోరె నుంచి మనరోలాకు వెళ్ళే ప్రేమదారి 2012లో రాళ్ళు పడి మూతపడి 2024లో తెరుచుకుంది. కార్డు ఉన్నా అదనంగా 10 యూరోలు, సమయం ముందే బుక్ చేసుకోవాలి. కిలోమీటరుకు అటూఇటూ చదునైన దారి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు సరే, మిగతావాళ్ళకు ఆ డబ్బుతో మూడు ఫొకాచ్చాలు.

ఖరీదైన రేవు ఊరు పోర్తోఫీనోకు ఒక గంట చాలు. కాఫీ కూడా అక్కడ తాగొద్దు. ఆ పూట దగ్గర్లోని కమోలి ఊరికి ఇచ్చి, అక్కడి నుంచి సాన్ ఫ్రుత్తువోసో మఠానికి పడవెక్కండి. రోడ్డే లేదు, పడవ లేదా కాలినడక, అంతే. చిన్న గులకరాళ్ళ తీరం, వెనక కొండ అడవి, దగ్గర్లో నీళ్ళ కింద 17 మీటర్ల లోతున 1954లో దింపిన క్రీస్తు కంచు విగ్రహం. తినేది కమోలిలోనే కట్టించుకోండి, ఆ తీరంలో బేరానికి పోటీ లేదు. సముద్రం పోటెత్తితే పడవలు ఆపేస్తారు, అప్పుడు పోర్తోఫీనోకు కొండ మీదుగా గంటన్నర, రెండు గంటల నడకే గతి. టికెట్ కొనేటప్పుడే చివరి పడవ ఎన్నింటికో, గాలి ఎలా ఉందో అడగండి. బూట్లు, నీళ్ళు, చిన్న టార్చి సంచిలో ఉండాలి.