రైలు కిటికీ దిగి చిలికా గట్టుకి: ఇచ్ఛాపురం నుంచి ఒక్కరోజు వ్యాన్ యాత్ర

మా అమ్మ పుట్టిల్లు ఒడిశాలోని బరంపురం. సోంపేట కోడలై వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఈ యాభై ఏళ్ళలో భువనేశ్వరానికీ, పూరీకీ రైల్లో ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కలేదు గానీ, చిలికా సరస్సు గట్టున ఒక్కసారి కూడా దిగలేదు. రంభ స్టేషను వస్తోందంటే చాలు, నిద్రలో ఉన్నా లేచి కుడివైపు కిటికీ దగ్గరికి చేరిపోయేది. నీళ్ళు కనబడినంతసేపూ ఎవరితోనూ మాట్లాడేది కాదు. అందుకని ఇచ్ఛాపురం నుంచి ఆదివారం ఆదివారం ఒక ట్రావెల్స్ వాళ్ళు చిలికా గట్టునున్న రంభకీ, బర్కుల్‌కీ వ్యాన్ వేస్తున్నారని మా ఆడపడుచు చెప్పగానే, ఇంకేమీ అడక్కుండా రెండు సీట్లు చెప్పేశాను. అడగాల్సినవి ఉన్నాయని తర్వాత తెలిసింది. అవి మీకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

మనిషికి 1,450 రూపాయలు. అందులో వ్యాను, తెలుగు గైడు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం శాకాహార భోజనం. పడవల డబ్బులు ఎవరివి వాళ్ళవే. పొద్దున్న అయిదున్నరకి ఇచ్ఛాపురం బస్టాండు దగ్గర ఎక్కించుకుని రాత్రి తొమ్మిదికల్లా అక్కడే దింపుతామన్నారు. మేము వెళ్ళింది డిసెంబరు మొదట్లో. మొత్తం పదహారు మందిమి. పలాస నుంచి వచ్చిన జీడిపప్పు వ్యాపారుల కుటుంబం ఒకటి, కవిటి నుంచి ముగ్గురు టీచర్లు, ఇంకా కొందరు.

టైముకే బయల్దేరాం. ఇచ్ఛాపురం దాటితే సరిహద్దు ఎంతసేపని? పది నిమిషాలు. అక్కడే ఆగిపోయాం. వ్యాను ఆంధ్రా బండి, ఒడిశా పర్మిట్ కాగితం ముందురోజే కట్టించాల్సింది, ట్రావెల్స్ వాళ్ళు కట్టించలేదు. డ్రైవరు ఫోన్లు చేస్తున్నాడు, ఓనరు ఎత్తడం లేదు. చీకట్లో, చలిలో, రోడ్డు పక్కన యాభై నిమిషాలు. డెబ్బై రెండేళ్ళ మనిషిని పక్కన పెట్టుకుని అలా కూర్చోవడం నాకు చాలా కష్టమనిపించింది. ప్రతి ఆదివారం నడిపే బండికి ప్రతి ఆదివారం కావలసిన కాగితమే కదా అది! ఆ యాభై నిమిషాలు రోజంతా మమ్మల్ని తరుముతూనే ఉన్నాయి, సాయంత్రం కాళీజాయ్ లంకలో అమ్మవారి గుడి దగ్గర మరీను. మీరు వెళ్ళేటట్టయితే ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి "ఒడిశా పర్మిట్ కట్టారా?" అని ఒక్క మాట అడగండి.

గైడు కుర్రాడు బరంపురంలో ఎక్కాడు. పాతికేళ్ళుంటాయేమో. ఎక్కుతూనే మా అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి "అమ్మమ్మా, ఆలస్యమైందంట కదా, చలేసిందేటి?" అన్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన పిల్లాడు. అమ్మ ఏ వీధి అని అడిగింది, అతను చెప్పాడు, ఆ వీధి చివర ఒకప్పుడు అమ్మవాళ్ళకి తెలిసిన నేతవారి ఇల్లుండేదట. ఇక అక్కడినుంచి వ్యానులో ముందు సీటు అమ్మదే అయిపోయింది.

టిఫిను బరంపురంలోనే పెట్టించారు. పూరీ, దాని పక్కనే ఉప్మా. మా వైపు ఈ రెండూ ఒక ప్లేటులో పెట్టరు గానీ బరంపురంలో ఇది మామూలే. అమ్మ పూరీ ముక్కలో ఉప్మా పెట్టుకుని తింటూ, చిన్నప్పుడు ఆదివారాలు ఇదే తెచ్చేవారు నాన్న అంది. టిఫిను వేడిగా, శుభ్రంగా ఉంది, అడిగితే మళ్ళీ వేశారు. దీనికి వంక పెట్టను.

బండి మళ్ళీ కదిలాక గైడు చెప్పిన మాట ఒకటి నాకు కొత్త. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం విడిగా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే అని తెలుసు. కానీ ఇచ్ఛాపురం, సోంపేట కూడా ఆ గంజాం జిల్లాలోవే అనీ, గీత గీసినప్పుడు ఇవి మద్రాసు వైపు ఉండిపోయాయనీ నేనెప్పుడూ ఆలోచించలేదు. అమ్మ వెంటనే అందుకుంది. "మా తాతగారు సోంపేట సంబంధం అంటే ఊళ్ళో సంబంధం కిందే లెక్క అనేవారు. ఇప్పుడర్థమైంది" అంది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టింది బరంపురంలోనే, 1894లో, అని కూడా చెప్పాడు కుర్రాడు. పలాస వాళ్ళ అబ్బాయి వెంటనే పుస్తకంలో రాసుకున్నాడు.

ఛత్రపురం దాటాక మొగలి డొంకలు. ఈ వైపు మొగలిపూల అత్తరుకి పెట్టింది పేరు. ఋషికుల్య వంతెన మీద బండి నెమ్మది చేయించి, ఈ నది సముద్రంలో కలిసే చోటికే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకి వేలు గుడ్లు పెట్టడానికొస్తాయని చూపించాడు. హుమ్మా దగ్గర ఉప్పుమడులు. అప్పటికి ఉప్పు పండలేదు, గట్లు సరిచేస్తున్నారు. ఇవన్నీ బండిలోంచే. దిగలేదు, దిగాల్సిన పనీ లేదు.

రంభ. ఈ యాత్రకి డబ్బు పెట్టడం దండగ కాదని నాకనిపించింది ఇక్కడే.

ఊరు చిన్నది. పడవల రేవుకి నడిచి వెళ్తుంటే ఇళ్ళ గడపల ముందు బియ్యప్పిండి తడిపి వేసిన తెల్లటి ముగ్గులు. మన ముగ్గుల్లా చుక్కలు కాదు, వరికంకులు, తామరపూలు, గడప లోపలికి వెళ్తున్నట్టు చిన్న చిన్న పాదాలు. గురువారం నాడు వేసినవి, ఆదివారానికి కాళ్ళ కింద పడి సగం చెరిగిపోయాయి. ఒక ఇంటి ముందు అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్న పాదం ఒకటి మాత్రం మిగిలింది, వేలి చివర పిండి ముద్ద ఎండి పొడిపొడిగా ఉంది. మార్గశిర గురువారాల్లో లక్ష్మీపూజకి వేసే ముగ్గులివి, ఝోటి అంటారు. మనకీ మార్గశిర లక్ష్మివారాలు ఉన్నాయి కదా, విశాఖ కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఆ రోజు ఎంత జనమో తెలిసిందే. వాళ్ళకి నెల పౌర్ణమి మర్నాటి నుంచి లెక్క, మనకి అమావాస్య మర్నాటి నుంచి. అందుకని మనకంటే పదిహేను రోజుల ముందే వాళ్ళ లక్ష్మి ఇంటికొచ్చేస్తుంది. అమ్మ వంగి ఆ పాదాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

పడవకి ఎనిమిది మందిమి కలిసి రెండు గంటలకి 2,000 ఇచ్చాం. పడవాయన పెద్దాయన, వాళ్ళ నాన్నది గోపాల్‌పూర్ వైపు, తెలుగు మాట్లాడే బెస్తవాళ్ళు. ఒడ్డు నుంచి వంద గజాలు వెళ్ళామో లేదో మోటారు ఆపి గెడ నీళ్ళలో దింపి చూపించాడు. నేను మునిగిపోయేంత లోతుంటుందనుకున్నాను, నా భుజాల దాకా కూడా లేదు. ఇంత పెద్ద సరస్సుకి చాలా చోట్ల మనిషి లోతే. వేసవిలో తొమ్మిది వందల చదరపు కిలోమీటర్లుండే నీరు వానాకాలంలో పదకొండు వందలు దాటిపోతుందట. అమ్మ చెయ్యి ముంచి నాలిక మీద వేసుకుంది. "ఉప్పు తక్కువైన చారులా ఉందే" అంది. అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. మహానది పాయలు దయ, భార్గవి తెచ్చే మంచినీళ్ళూ, సముద్రం పోటు మీద తెచ్చే ఉప్పునీళ్ళూ ఇందులో కలుస్తాయి.

పడవాయన చెప్పింది ఇంకా బాగా గుర్తుండిపోయింది. ఒకప్పుడు సముద్రంలోకి వెళ్ళే మొగ ఇసకతో పూడుకుపోయి, నీళ్ళలో ఉప్పు తగ్గి, గడ్డి పెరిగిపోయి, వలేస్తే నాచు తప్ప ఏమీ పడని రోజులొచ్చాయి. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. "ఆ తర్వాతే మళ్ళీ పీత కనబడిందమ్మా" అన్నాడు. గైడు దానికి లెక్క కలిపాడు. 1981లో, ముఖ్యమైన చిత్తడి నేలల పట్టీ అయిన రామ్‌సర్ జాబితాలోకెక్కిన సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలో పడింది, కొత్త మొగ తవ్విన రెండేళ్ళకి 2002లో అందులోంచి బయటపడింది. ఒకాయన వల గురించి చెప్పడం, ఒకతను ఏళ్ళు చెప్పడం, రెండూ ఒకే కథ కావడం వింటుంటే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇలాంటి గైడు దొరకడం ఆ ట్రావెల్స్ వాళ్ళ అదృష్టం.

నీళ్ళ మధ్య రాయి మీద కట్టిన శంఖాకారపు స్తంభం ఉంది. పైన దీపం పెట్టేవారట. గంజాం కలెక్టరుగా పనిచేసిన స్నాడ్‌గ్రాస్ అనే ఇంగ్లీషు దొర కట్టించాడు. ఒడ్డున కనిపించే రంభ కోటా అతను కట్టించిందే, తర్వాత కళ్ళికోట రాజుల చేతికొచ్చింది. ఇంకొంచెం ముందుకెళ్తే బర్కుడా లంక. ఆ లంకలో కాళ్ళు లేని నలికీచు ఒకటుంటుంది, 1917లో కనిపెట్టారు, చూస్తే వానపామే అనుకుంటాం అన్నాడు గైడు. టీచర్లు ముగ్గురూ లంక వైపే చూస్తూ కూర్చున్నారు. మేమైతే దిగలేదు, టైము లేదు. టైము లేదు అన్న మాట అప్పుడే మొదలైంది.

బర్కుల్‌లో భోజనం. శాకాహార భోజనం మామూలుగా ఉంది, పప్పు పలచన, బంగాళాదుంప వేపుడు, టమాటా ఖట్టా అనే పుల్లటి పచ్చడి. అదనంగా డబ్బిచ్చి పీత తెప్పించుకున్నాం. తూకం వేసి, కూర చేసి, ఆ తర్వాత ధర చెప్పారు. నేననుకున్నదానికి రెట్టింపయింది. ముందే అడగాల్సింది నేనే. కానీ రుచి చెప్పాలి. ఆవపిండి, వెల్లుల్లి నూరి వేసిన పులుసు, పెంకు పగలగొడితే లోపల కండ తెల్లగా, తియ్యగా. అమ్మ మనవడికి పెట్టినట్టు గైడు కుర్రాడికి కూడా ఒక గోరు విరిచి పెట్టింది.

ఇక డాల్ఫిన్ల సంగతి. ట్రావెల్స్ వాళ్ళ కరపత్రం మీద ఎగురుతున్న డాల్ఫిన్ బొమ్మ ఉంది. పలాస పిల్లలు దాని కోసమే వచ్చారు. ఇరవాడీ డాల్ఫిన్లు చిలికాలో ఉన్నమాట నిజమే, కానీ వాటిని చూడ్డానికి వెళ్ళేది సాతపడా, అది పూరీ జిల్లా వైపు, సముద్రం మొగకి దగ్గర. మేము వెళ్ళే దారిలో అది లేనే లేదు. గైడు ఆ మాట బరంపురంలోనే దాచకుండా చెప్పేశాడు. "అక్కా, అవి ఇటు కనబడవు, పిల్లలకి ముందే చెప్పేద్దాం" అన్నాడు. అతని నిజాయితీకి దణ్ణం. కానీ పిల్లల మొహాలు చూడాల్సింది ఆ బొమ్మ వేయించినవాళ్ళు.

కాళీజాయ్ లంకకి బర్కుల్ నుంచి మోటారు పడవలో ముప్పావు గంట పట్టింది. లైఫ్ జాకెట్లు ఇచ్చారు గానీ అమ్మకిచ్చినదానికి నడుం బిగించే పట్టీ తెగిపోయి ఉంది. మార్చమంటే "ఏం కాదు, దగ్గరే" అన్నాడు రేవు దగ్గర కుర్రాడు. గైడే వెళ్ళి వేరేది తెచ్చి, పట్టీ లాగి చూసి, అమ్మకి తన చేత్తో కట్టాడు. జాకెట్టు లాగి చూడకుండా ఎవరూ పడవెక్కకండి.

జాయ్ అనే పిల్ల పెళ్ళి కోసం తండ్రితో పడవలో అత్తవారి ఊరికి వెళ్తుంటే గాలివానొచ్చి పడవ తిరగబడింది. అందరూ దొరికారు, ఆ పిల్ల దొరకలేదు. ఆమే ఇక్కడ కాళీతో కలిసి అమ్మవారై వెలిసిందని చెప్పుకుంటారు. సంక్రాంతికి ఇక్కడ పెద్ద జాతర. గుడి ముందు కొట్లలో ఎర్రగాజులు కొని అమ్మవారికి పెడుతున్నారు. అమ్మ కూడా అరడజను కొంది. చేతిలో పట్టుకుని వరసలో నిలబడింది. యాభై మందికి పైగా ఉన్నారు ముందు. మాకిచ్చింది ముప్పై అయిదు నిమిషాలు. పొద్దున్న సరిహద్దులో పోయిన యాభై నిమిషాలు ఉండి ఉంటే అమ్మ దర్శనం చేసుకునేది. పడవ హారన్ కొడుతుంటే గాజులు పూజారి సహాయకుడి చేతికిచ్చి, గుమ్మంలోంచే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. నాతో ఏమీ అనలేదు. అనలేదు కాబట్టే నాకు ఎక్కువ బాధేసింది.

తిరుగు ప్రయాణంలో బాత్రూం కోసం ఒక్కచోటే ఆపారు, పెట్రోలు బంకులో, అది కూడా శుభ్రంగా లేదు. ఇచ్ఛాపురం చేరేసరికి రాత్రి పది దాటింది.

మర్నాడు ఓనరుకి ఫోన్ చేసి పర్మిట్ సంగతీ, డాల్ఫిన్ బొమ్మ సంగతీ, అమ్మ దర్శనం సంగతీ చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. కరపత్రం మారుస్తామన్నారు. నేను అడిగింది ఇంకొకటుంది: రంభ, బర్కుల్ రెండూ పెట్టినప్పుడు మధ్యలో భోజనానికి గంటన్నర ఎందుకు, ఆ సగం కాళీజాయ్‌కి ఇవ్వండి అని. లేదా రంభ ఒక్కదానికే యాత్ర పెట్టండి, పడవలో నాలుగు గంటలు తిప్పండి, బర్కుడా దగ్గరికి తీసుకెళ్ళండి, అదే డబ్బు ఇస్తాం. ఆలోచిస్తానన్నారు. గైడు కుర్రాడికి జీతం పెంచమని కూడా చెప్పాను, నా అధికారం కాకపోయినా.

అయిదుకి నేనిచ్చేది మూడున్నర. ఆ గైడు లేకపోతే రెండే.

జనవరిలో మా వదినావాళ్ళు వెళ్తున్నారు, పక్షులు బాగా వచ్చి ఉంటాయని. అమ్మ మళ్ళీ వస్తానంది, గాజుల కోసం. వదినకి ఫోన్లో అమ్మే చెప్పింది: "వెళ్ళేటప్పుడు కుడివైపు సీట్లు అడగవే, నీళ్ళు అటే కనబడతాయి."