ఎక్స్‌ట్రా లెగ్ రూమ్ అని డబ్బులు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

లాంగ్ ఫ్లైట్ బుక్ చేసుకుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే సీటుకి విడిగా డబ్బులు కట్టే ముందు కాస్త ఆగండి. నేను ఆగలేదు, 14 గంటలు అనుభవించా. ఎయిర్‌లైన్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇది వాళ్ళొక్కళ్ళ సంగతి కాదు, పాత పెద్ద విమానాలు నడిపేవాళ్ళు ఎవరి దగ్గరైనా ఇలాగే జరగొచ్చు.

నేను కొంచెం పొడుగు, మామూలు సీట్లో కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకి ఆనతాయి. అందుకని బుకింగ్‌లో ఎమర్జెన్సీ ఎగ్జిట్ పక్కన విండో సీటు ఖాళీగా కనపడేసరికి, పైగా ఎక్స్‌ట్రా లెగ్ రూమ్ అని రాసుందిగా, ఇంకేం చూడకుండా కట్టేశా. విమానం బోయింగ్ 777-300ఈఆర్. ఈ రకం 2004లో సర్వీసులోకి వచ్చింది, అసలు 777 అయితే 1995 నుంచీ తిరుగుతోంది, కాబట్టి ఇప్పుడు ఎగురుతున్నవాటిలో బాగా వయసైపోయినవి చాలానే ఉన్నాయి. అది నాకు అప్పుడు తట్టలేదు.

ఎక్కి కూర్చున్నాక తెలిసింది అసలు విషయం. తలుపుకి లోపలివైపు కింద లావుగా ఒక డబ్బాలాగా ఉబ్బి ఉంటుంది చూడండి, అందులో ఎమర్జెన్సీలో గాలి నిండి బయటికి పరుచుకునే జారుడుబల్ల మడిచిపెట్టి ఉంటుంది. అది సరిగ్గా నా ఎడమ కాలికి ఎదురుగా ఉంది. అంటే ముందు సీటు లేదు కరెక్టే, కానీ కాలు చాపడానికి చోటు కూడా లేదు, కుడికాలు చాపుకుని ఎడమకాలు ముడుచుకుని ఒక పక్కకి ఒరిగి కూర్చోవాలి. నా పక్కన మధ్య సీట్లో ఆయన మాత్రం హాయిగా రెండు కాళ్ళూ చాపుకుని నిద్రపోయాడు, ఆయన కట్టింది కూడా నేను కట్టినంతే!

ఇంకా ఉంది. ముందు సీటు లేదు కాబట్టి ట్రే, స్క్రీన్ రెండూ ఆర్మ్‌రెస్ట్‌లోంచే బయటికి తీయాలి, అందుకని ఆ ఆర్మ్‌రెస్ట్ పైకి లేవదు, లావుగా కూడా ఉంటుంది, కూర్చునే చోటు ఆ మేరకి తగ్గిపోతుంది. నా స్క్రీన్‌కి కీలు వదులైపోయి పెట్టినచోట నిలబడకుండా మెల్లగా ఒళ్ళోకి వాలిపోయేది, ఒక గంట చేత్తో పట్టుకుని చూసి ఇక వదిలేశా. బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకోనివ్వరు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ పైన పెట్టాల్సిందే. తలుపు పక్కన చలి, దుప్పటి కప్పుకున్నా పాదాలు గడ్డకట్టుకుపోయాయి. దగ్గర్లోనే టాయిలెట్, దాని కోసం నిలబడేవాళ్ళు, నడుం పట్టేసి లేచినవాళ్ళు, అందరూ వచ్చి నేను డబ్బులు కట్టిన ఆ ఖాళీలోనే నిలబడి కబుర్లు చెప్పుకున్నారు.

సీటు వెనక్కి వాలలేదు. బటన్ నొక్కితే టక్ మని శబ్దం వస్తుంది అంతే. క్రూ అమ్మాయి వచ్చి చూసి, ఇది ఇంతకుముందే రాసిపెట్టారండి, ఇంకా బాగుచెయ్యలేదు అంది పాపం మొహమాటంగా. తర్వాత తెలుసుకున్నదేంటంటే సీటు నిటారుగా లాక్ అయి ఉండి బెల్టు సరిగ్గా పనిచేస్తే, వాలకపోయినా జనాన్ని కూర్చోబెట్టి ఎగరొచ్చు, అది సేఫ్టీ కిందకి రాదు. స్క్రీన్, రీడింగ్ లైట్, చార్జింగ్ కూడా ఇదే లెక్క. విమానం సురక్షితమే, దాని గురించి నాకేం అనుమానం లేదు, కానీ సురక్షితంగా ఉండటం వేరు, సుఖంగా ఉండటం వేరు, మనం విడిగా డబ్బులు కడుతున్నది రెండోదానికి. కుషన్ గురించి చెప్పక్కర్లేదు, ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని స్పాంజి అణిగిపోయి కింద ఉన్న రాడ్డు తగులుతోంది.

సీటు వెడల్పు ఇంకో కథ. 777లో మొదట్లో చాలా ఎయిర్‌లైన్స్ ఎకానమీలో వరసకి 9 సీట్లు పెట్టేవాళ్ళు, తర్వాత్తర్వాత అదే విమానంలో 10 ఇరికించారు, 3-4-3, అంటే రెండు కిటికీల పక్కా మూడేసి, మధ్యలో నాలుగు. గోడలు జరగలేదు కదా, 18 అంగుళాలు పైచిలుకు ఉండేది 17 దగ్గరికొచ్చింది. ఒక అంగుళమే కదా అనిపిస్తుంది, పద్నాలుగు గంటలు పక్కవాడి మోచేతితో పోట్లాడి చూడండి తెలుస్తుంది. అమెరికాలో 2018లోనే సీట్లకి కనీస కొలతలు పెట్టమని ఎఫ్ఏఏకి (అక్కడి ప్రభుత్వ విమానయాన సంస్థ) చెబుతూ చట్టం చేశారు, 2022లో కూడా ఇంకా జనం అభిప్రాయాలు అడుగుతూనే ఉన్నారు, అదీ స్పీడు.

అయితే ఒక మాట, పాతది అనగానే చెడ్డదని, కొత్తది అనగానే గొప్పదని అనుకోకండి, నేనూ అలాగే అనుకుని రెండోసారి బోల్తా పడ్డా (అది కింద చెప్తా). ఎయిర్‌బస్ ఏ330 డిజైన్ ఎప్పటిదో, 1994 నుంచి ఎగురుతోంది, కానీ దాంట్లో మామూలుగా 2-4-2 ఉంటుంది, సీటు దాదాపు 18 అంగుళాలు, ఇద్దరు కలిసి వెళ్తే కిటికీ పక్క రెండు సీట్లూ మనవే. బోయింగ్ 787 ఏమో 2011లో వచ్చిన కొత్త బండి, 8 సీట్లకి సరిపోయేలా గీశారు, చాలామంది 9 పెట్టారు, అందుకే అది కూడా ఇరుకే. కానీ 787లో, ఎయిర్‌బస్ వాళ్ళ కొత్త ఏ350లో ఒక సుఖం ఉంది, లోపలి గాలి ఒత్తిడి 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది, పాతవాటిలో అది 8,000 అడుగుల దాకా వెళ్తుంది, గాలి మరీ పొడిగా కూడా ఉంటుంది. దిగాక తలనొప్పి, గొంతు ఎండిపోవడం, మనిషి ఉత్తినే నీరసపడిపోవడం, వీటిలో కొంత వాటా దానిదే.

ఇక రిటర్న్ సంగతి. ఈసారి తెలివిగా ఏ350 ఉన్న ఫ్లైట్ చూసి, సీట్ మ్యాప్‌లో ముందు ఏమీ అడ్డం లేని నడవా సీటు వెతికి మరీ కట్టా. రెండు రోజుల ముందు విమానం మార్చేశారు, మళ్ళీ పాత 777. మెయిల్ కూడా రాలేదు, యాప్‌లో చూసుకుంటే సీటు నంబర్ అదే ఉంది కాబట్టి నేనూ పట్టించుకోలేదు. ఎక్కాక చూస్తే ఆ నంబర్ ఈ విమానంలో మామూలు వరసలో ఎక్కడో మధ్యలో ఉంది! పైగా ముందు సీటు కింద స్క్రీన్ తాలూకు ఇనప డబ్బా, పాతవాటిలో ఇది చాలా సీట్ల కింద ఉంటుంది, కాలు పెట్టుకునే చోటులో సగం అదే తినేస్తుంది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. అప్పుడు వెలిగింది నాకు, మనం కొనుక్కునేది నంబరు, సీటు కాదు. నంబరు అలాగే ఉంచి కింద విమానం మార్చేస్తే వాళ్ళ సిస్టమ్ దృష్టిలో ఏమీ మారనట్టే.

కాబట్టి నేను చెప్పేదేంటంటే, కట్టేముందు విమానం రకం ఒక్కటే చూసి ఊరుకోకండి, ఒకే ఎయిర్‌లైన్‌లో ఒకే 777కి రెండు మూడు రకాల సీట్ల అమరిక ఉంటుంది, మీ ఫ్లైట్‌ది ఏదో సరిపోల్చి చూసుకోండి. విమానం వయసు కన్నా లోపల సీట్లు ఎప్పుడు మార్చారన్నది ముఖ్యం. ఎగ్జిట్ వరసలో కావాలంటే తలుపుని ఆనుకున్నది వదిలేసి మధ్యది గానీ నడవాది గానీ తీసుకోండి. బల్క్‌హెడ్ అంటే గోడ ఎదురుగా ఉండే వరస, అక్కడ పసిపిల్లల ఉయ్యాల తగిలిస్తారు, నిద్ర సంగతి మీ అదృష్టం. చివరి వరసలో చాలాసార్లు సీటు పూర్తిగా వాలదు. దానికి కాస్త ముందు, విమానం సన్నబడే చోట మాత్రం 777లో మూడుకి బదులు రెండే సీట్లు ఉండే వరసలు కొన్ని ఉంటాయి, గోడకీ సీటుకీ మధ్య ఖాళీ కూడా ఉంటుంది, జంటగా వెళ్ళేవాళ్ళకి నా ఓటు వాటికే.

కట్టిన రోజు సీట్ మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రయాణానికి వారం ముందు, చెక్-ఇన్ తెరిచినప్పుడు మళ్ళీ తెరిచి చూడండి, నంబర్ కాదు మ్యాప్ చూడండి. మారితే ఎయిర్‌పోర్ట్ దాకా ఆగకుండా అప్పుడే ఫోన్ చేసి మార్పించుకోండి. సీటు వాలకపోయినా స్క్రీన్ పాడైనా ఫొటో తీసి, క్రూ చేత రాయించండి, ఊరికే నోటితో చెప్పి దిగిపోతే తర్వాత ఆధారం ఉండదు.

నేను రెండిటికీ కంప్లైంట్ పెట్టా. రిటర్న్ సీటు డబ్బులు తిరిగిస్తామన్నారు, ఫారం నింపితేనే, అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు ఇచ్చేవాళ్ళు కాదు. తలుపు పక్క సీటుకి మాత్రం, మీ ముందు సీటు లేదు కదా సార్, మేం చెప్పింది అదే అని జవాబొచ్చింది. ఫొటోలు పెట్టి మళ్ళీ రాశా, చూడాలి.