300 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు: ఐదేళ్ల వాడకం తర్వాత

నాలుగడుగుల గాజు ట్యాంకు. 120 సెం.మీ. పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు, 12 మి.మీ. గాజు. స్టాండు లోపల 90×40×40 సంప్ (పై ట్యాంకు నీరు దిగి, శుభ్రపడి తిరిగి పైకి వెళ్లే కింది ట్యాంకు). మెత్తటి పగడాలు, కొన్ని ఎల్‌పీఎస్ రకాలు (పెద్ద పాలిప్‌లుండే గట్టి పగడాలు), ఆరు చిన్న చేపలు. ఐదేళ్లలో గాజు, సంప్ అలాగే ఉన్నాయి. వాటికి తగిలించిన పరికరాల్లో సగం మారాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ కొలత తీసుకోవాలి, ఏ పరికరం మీద ఖర్చు పెట్టాలి అన్న రెండింటికీ ఈ వాడకమే ఆధారం.

ముందు కొలత సంగతి. చాలామంది ఏ చేప కావాలో అనుకుని దానికి తగ్గ ట్యాంకు కొంటారు. నా ఉద్దేశంలో మొదటి ప్రశ్న వేరే: వారానికి ఎంత శుద్ధమైన నీరు తయారుచేసుకోగలరు? 300 లీటర్ల ట్యాంకులో రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను నిలిచే నీరు దాదాపు 260 లీటర్లు. సంప్‌లో 22 సెం.మీ. ఎత్తున మరో 79. మొత్తం 340 అనుకుందాం. రోజుకు 4 లీటర్లు ఆవిరవుతుంది. వారానికి పది శాతం నీరు మారిస్తే 34 లీటర్లు. రెండూ కలిపితే వారానికి 60 లీటర్ల పైమాటే, అదంతా ఆర్‌ఓ, డీఐ (మిగిలిన అయాన్లను తీసే రెసిన్ వడపోత) రెండూ దాటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) సున్నా చూపించే నీరే కావాలి. మామూలు ఆర్‌ఓ యంత్రం ఒక లీటరు ఇవ్వడానికి మూడు నాలుగు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీటికి దారి, డ్రమ్ముకు చోటు లేకపోతే ఆరడుగుల ట్యాంకు ఆలోచన మానుకోవడం మంచిది.

అలాగని మరీ చిన్నదీ వద్దు. 75 లీటర్ల నీరున్న రెండడుగుల ట్యాంకులో రోజుకు లీటరున్నర ఆవిరైతే, రెండు రోజులు నీళ్లు కలపడం మరిచేసరికి ఉప్పు 35 నుంచి 36.5 పీపీటీకి (వెయ్యి భాగాలకు ఇన్ని భాగాలు) పోతుంది. ఈ ట్యాంకులో అదే మరుపు 35.8 దగ్గర ఆగుతుంది. పగడాలు అంకె కొంచెం ఎక్కువో తక్కువో ఉన్నా సర్దుకుంటాయి గానీ, ఆ అంకె ఊగడాన్ని తట్టుకోలేవు. పెద్ద ట్యాంకు సులువు అనేది ఇందుకే.

బరువు లెక్క వేయకుండా కొనకండి. నీరు, గాజు, రాళ్లు, ఇసుక, సంప్, స్టాండు కలిపి దాదాపు 550 కిలోలు. ఇది 120×50 చోటు మీదే పడుతుంది. పై అంతస్తయితే గోడ వారగా, దూలం ఉన్న వైపు పెట్టాలి. అనుమానం ఉంటే ఇంజనీరుకు చూపించాలి.

ఎత్తు విషయంలో మాత్రం ఒక పశ్చాత్తాపం ఉంది. 50 బదులు 45 ఉండి, వెడల్పు 60 ఉంటే బాగుండేది. అడుగున పడిన పగడాన్ని తీయాలంటే భుజం దాకా తడుస్తుంది. వెడల్పు ఉంటే రాళ్లను వెనక గోడకు ఆనించకుండా, వాటి వెనక కూడా నీరు తిరిగేలా పేర్చవచ్చు. ఇక్కడ అది కుదరలేదు. రాళ్ల వెనక పేరుకున్న మడ్డి ఇప్పటికీ ప్రతి నెలా పైపుతో లాగాల్సి వస్తోంది.

సంప్ దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. కరెంటు పోతే పై ట్యాంకు నీరు కొంత కిందికి దిగుతుంది. పై ట్యాంకులో ఒక్కో సెంటీమీటరు 6 లీటర్లు. నీరు పొర్లే అంచు దాకా రెండున్నర సెంటీమీటర్లు దిగినా 15 లీటర్లు, గొట్టాల్లోది మరో 10. ఈ సంప్‌లో 22 సెం.మీ. పైన 65 లీటర్ల ఖాళీ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ రిటర్న్ గొట్టం (సంప్ నీటిని పైకి తెచ్చేది) మూతి నీటిలో 10 సెం.మీ. లోతుకు దింపారనుకోండి: గొట్టం వెనక్కి లాగి 60 లీటర్లు దింపేస్తుంది, గొట్టాల్లోది కలిపితే 70. సంప్ నిండి గది తడుస్తుంది. మూతి నీటి మట్టానికి ఒక సెంటీమీటరు కిందనే ఉంచాలి. ఆ వెనక్కి లాగడాన్ని ఆపడానికి గాలి పీల్చే రంధ్రం పెట్టినా నాచు, ఉప్పు దాన్ని మూసేస్తాయి. నీటిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్‌నూ నమ్మలేం, లోపల సున్నం పేరుకున్నాక అది పూర్తిగా మూసుకోదు. నీరు నింపిన రోజే పంపు ఆపి, సంప్‌లో నీరు ఎక్కడిదాకా లేచిందో దాని మీద గీత గీసుకోండి. రోజూ సంప్ నడిచే మట్టానికి మరో గీత. ఆ రెండో గీత దాటి ఎప్పుడూ నింపకూడదు.

నీరు దిగే గొట్టం ఒక్కటే ఉంటే గడగడ చప్పుడు, పైగా నత్త ఇరుక్కుంటే పై ట్యాంకు పొర్లుతుంది. మూడు గొట్టాల పద్ధతి పెట్టండి. ఒకటి వాల్వ్‌తో పూర్తిగా నీరు నిండి నడిచేది, రెండోది సన్నటి ధారకు, మూడోది ఎప్పుడూ పొడిగా ఉండే అత్యవసర గొట్టం. ఐదేళ్లుగా చప్పుడు లేదు.

రిటర్న్ పంపు డబ్బా మీది అంకె సున్నా ఎత్తుకు చెప్పినది. మీటరున్నర ఎత్తు, వంపులు కలిస్తే కొన్ని పంపులు అందులో సగం కూడా ఇవ్వవు. సంప్ గుండా గంటకు నాలుగైదు సార్లు నీరు తిరిగితే చాలు. అసలు ప్రవాహం వేవ్‌మేకర్ల (ట్యాంకు లోపలే నీటిని తిప్పే పంపులు) పని: మెత్తటి పగడాలకు ట్యాంకు నీటికి గంటకు 15–20 రెట్లు, అంటే ఇక్కడ రెండు వేవ్‌మేకర్లు కలిపి 5,000 లీటర్ల దాకా. ఒక్క పెద్దది పెడితే ఎదురుగా ఇసుక ఎగిరి అడుగు గాజు కనిపిస్తుంది. మూడు నెలలకోసారి పంపులన్నీ వెనిగర్ నీటిలో నానబెట్టాలి. ఇది మానేసిన వేవ్‌మేకరే ముందు పాడైంది.

ఆటో టాప్‌ఆఫ్ (ఆవిరైనంత మంచినీటిని దానంతటదే నింపే పరికరం) లేకుండా ఈ ట్యాంకు నడపలేం. అయితే దాని డబ్బా 20 లీటర్లు మించనివ్వకండి. మట్టం చూసి పంపును ఆపే ఫ్లోట్ ఇరుక్కుని మొత్తం ఒకేసారి పడ్డా ఉప్పు 35 నుంచి 33కు దిగుతుంది, అంతే. అదే 60 లీటర్ల డ్రమ్ము అయితే 30 కిందికి పోతుంది. ఇంకొకటి: గొట్టం కొస డబ్బాలోని నీటి మట్టం కన్నా కిందుంటే పంపు ఆగినా నీరు దానంతటదే కారుతూనే ఉంటుంది. కొసను పైకి కట్టండి.

హీటరు ఒక్క 300 వాట్లది కాదు, 150వి రెండు, వాటి మీద విడిగా ఒక కంట్రోలరు. హీటరు చెడిందంటే తరచూ ఆగకుండా వేడి చేస్తూనే ఉండిపోతుంది. రెండు చిన్నవైతే నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది, గమనించే వ్యవధి దొరుకుతుంది. ఎండాకాలంలో నీటి మీదికి ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆవిరి మాత్రం పెరుగుతుంది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఫ్యాను పెద్దగా పనిచేయదు, అప్పుడు నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమే గతి. లక్ష్యం 25–26 డిగ్రీలు.

స్కిమ్మర్‌కు (నురగతో మలినాలను తీసే పరికరం) సంప్‌లో నీటి మట్టం కదలకూడదు. దాని గదికి అడ్డుగాజు పెట్టించుకోండి. కొత్తది రెండు వారాల దాకా సరిగా నురగ తీయదు, ఆ గడువులో రోజూ తిప్పి సర్దడం వల్ల ఉపయోగం లేదు.

లైటు గురించి ఎక్కువ చెప్పను. మెత్తటి పగడాలకు 50–150 పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు కొలత) చాలు. కొత్త లైటును మొదటి రోజే పూర్తిగా వెలిగిస్తే పగడాలు తెల్లబడతాయి. మూడో వంతుతో మొదలుపెట్టి నెలలో పెంచండి.

పరీక్షల్లో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పీపీటీ ద్రావణంతోనే సరిచూడాలి. శుద్ధ నీటితో సున్నాకు సరిచేసినది 35 దగ్గర తప్పు చూపవచ్చు. ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్ (దాని కొలమానం), కాల్షియం 400–450, మెగ్నీషియం 1,250–1,350 పీపీఎం. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు తేవాలన్న ఆత్రం వద్దు. రెండూ సున్నా అయినప్పుడు డైనోఫ్లాజెల్లేట్ల (కంటికి కనిపించని సూక్ష్మజీవులు) గోధుమ రంగు జిగురు పట్టుకునే ప్రమాదం ఎక్కువ, వదిలించడం చాలా కష్టం. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 ఉంటే ఈ ట్యాంకు ప్రశాంతంగా ఉంది.

చేపల్లో క్లౌన్ జంట, ఫైర్‌ఫిష్, గోబీ లాంటివి ఈ కొలతకు సరిపోతాయి. బ్లూ టాంగ్ పిల్లను చూసి మనసు పడకండి. అది 30 సెం.మీ. దాకా పెరిగే చేప, నాలుగడుగులు దానికి చెరసాలే. ఏ చేపనైనా నేరుగా పై ట్యాంకులోకి వదలకుండా ముందు కొన్నాళ్లు వేరే చిన్న ట్యాంకులో ఉంచడం తప్పనిసరి. తెల్ల చుక్కల జబ్బు ఒకసారి లోపలికొస్తే రాగి మందు పై ట్యాంకులో వేయలేం, అది రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది. చేపలన్నిటినీ తీసి 76 రోజులు ట్యాంకును చేపల్లేకుండా ఉంచాల్సిందే.

జొయాంథిడ్ పగడాలను పట్టేటప్పుడు చేతికి గ్లోవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ వేడినీళ్లలో మరిగించకండి, ఆవిరితో విషం గది నిండా పరుచుకుంటుంది.

ప్లగ్గులు స్టాండు లోపల పెట్టకండి. అక్కడి ఉప్పు తేమకు రెండేళ్లలో ఇత్తడి బిళ్లలు ఆకుపచ్చగా మారాయి. పక్క గోడ మీద, నీటి మట్టానికి పైన, లీకేజీ బ్రేకరుతో (కరెంటు లీకైతే వెంటనే ఆపేది) పెట్టించి, ప్రతి తీగనూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడదీసి పైకి తేవాలి. తీగ వెంట జారే చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.