స్టార్ వార్స్ కొత్త నవల: విడుదల రోజు హార్డ్‌బౌండా, ఏడాది ఆగి పేపర్‌బ్యాకా?

స్టార్ వార్స్ కొత్త నవల వస్తోందని ప్రకటన వెలువడిన రోజే అభిమానులు రెండు సంగతులు మాట్లాడుకుంటారు: కథ ఎవరిది, కొనవలసింది ఏ ప్రతి. రెండో ప్రశ్న చిన్నదేమీ కాదు. విడుదల రోజే వచ్చే హార్డ్‌బౌండ్ ఉంటుంది. ఒక దుకాణంలోనో ఒక ఉత్సవంలోనో మాత్రమే దొరికే ప్రత్యేక ప్రతి ఉంటుంది. కొన్ని నెలల తర్వాత తక్కువ ధరకు పేపర్‌బ్యాక్ వస్తుంది. అర్ధరాత్రి ఫోనులోకి వచ్చేసే ఈ-బుక్కూ, చెవులకు ఇంపుగా వినిపించే ఆడియో పుస్తకమూ ఎలాగూ ఉన్నాయి. అన్నీ కొనగలిగేవాళ్లు కొద్దిమందే. ఒక్కటే కొనాలంటే నా ఓటు విడుదల రోజు దొరికే మామూలు హార్డ్‌బౌండ్‌కు, అందులోనూ మొదటి ముద్రణకు. కారణం పుస్తకం అందంలో కన్నా ఎదురుచూపులో ఎక్కువగా ఉంది.

సినిమాకు అనుబంధంగా వచ్చే నవలకు కాలంతో ఒక ప్రత్యేకమైన ముడి ఉంటుంది. మొట్టమొదటి స్టార్ వార్స్ నవలే సినిమా కన్నా ముందు వచ్చింది. బాలంటైన్ సంస్థ దాన్ని 1976 నవంబరులో ఒకటిన్నర డాలరు ధరతో పేపర్‌బ్యాక్‌గా తెచ్చింది. సినిమా విడుదలైంది 1977 మే 25న. అట్ట మీద సినిమా తీసిన జార్జ్ లూకాస్ పేరున్నా రాసింది ఆలన్ డీన్ ఫోస్టర్. రాల్ఫ్ మెక్‌క్వారీ గీసిన ముఖచిత్రంతో వచ్చిన ఆ ప్రతి కొన్నవాళ్లు, ప్రపంచానికి ఇంకా తెలియని లోకంలో ఆరు నెలలు ముందే తిరిగి వచ్చారు. ఆ తర్వాత వచ్చిన ముద్రణల్లోనూ అవే వాక్యాలున్నాయి. కానీ ఏమీ తెలియకుండా చదివే భాగ్యం ఆ ఆరు నెలల వాళ్లకే దక్కింది.

రెండో ఉదాహరణ ఇంకా బలమైనది. మూడో సినిమా 1983లో వచ్చాక కొత్త సినిమా జాడ ఏళ్ల తరబడి లేదు. 1991లో బాంటమ్ సంస్థ టిమొతీ జాన్ చేత ఆ తర్వాతి కథ రాయించింది. ‘హెయిర్ టు ది ఎంపైర్’ అనే ఆ హార్డ్‌బౌండ్ న్యూయార్క్ టైమ్స్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. థ్రాన్ అనే నీలి చర్మపు సేనాని పుట్టింది అందులోనే. 1992లో, 1993లో మరో రెండు భాగాలు వచ్చాయి. తర్వాతి భాగం కోసం ఏడాది పాటు ఊహించుకోవడం, మిత్రులతో వాదించడం, వచ్చిన రోజే దుకాణానికి వెళ్లడం అన్న అలవాటుకు ఈ మూడు పుస్తకాలు గట్టి పునాది వేశాయి.

పేపర్‌బ్యాక్ కోసం ఆగితే పోయేది ఏమిటని అడిగేవాళ్లకు 1999ని గుర్తు చేస్తాను. ఆ ఏడాది స్టార్ వార్స్ నవలలు బాంటమ్ నుంచి డెల్ రే సంస్థకు మారాయి. ఆ ఏడాదే డెల్ రే తెచ్చిన ‘వెక్టర్ ప్రైమ్’ నవలలో చ్యూబాకా చనిపోతాడు. సినిమాల్లో మూడు భాగాల్లోనూ క్షేమంగా బయటపడిన పాత్ర అది. ఆ వార్త నవల చదవని వాళ్లకు కూడా కొద్ది రోజుల్లోనే చేరిపోయింది. పేపర్‌బ్యాక్ కోసం ఆగినవాళ్లు ఆ పేజీలు చదివే వేళకు ఏం జరగబోతోందో తెలిసే చదివారు. దుఃఖం ఉంటుంది, ఉలికిపాటు ఉండదు. ఈ రోజుల్లో అయితే గుట్టు ఒక్క పూట కూడా నిలవదు.

థ్రాన్ తిరిగి రావడం మరో ఎత్తు. 2014 ఏప్రిల్ 25న, స్టార్ వార్స్ హక్కులున్న లూకాస్‌ఫిల్మ్ సంస్థ పాత నవలల కథలన్నిటినీ ‘లెజెండ్స్’ అని వేరు చేసింది. అంటే అధికారిక కథలో వాటికి చోటు లేదు. ఇరవై ఏళ్లకు పైగా వాటిని చదువుతూ, కొంటూ, అరల్లో వరస పేర్చుకుంటూ వచ్చినవాళ్లకు అది పెద్ద దెబ్బ. 2016 జులైలో లండన్‌లో జరిగిన స్టార్ వార్స్ సెలబ్రేషన్ అనే అభిమానుల ఉత్సవంలో థ్రాన్ టీవీ యానిమేషన్ ధారావాహికలోకి వస్తున్నాడని, టిమొతీ జానే అతని మీద కొత్త నవల రాస్తున్నాడని ప్రకటించారు. నవల 2017 ఏప్రిల్ 11న, మంగళవారం నాడు వచ్చింది. అమెరికాలో పెద్ద సంస్థల పుస్తకాలు సాధారణంగా మంగళవారమే విడుదలవుతాయి. తొమ్మిది నెలల ఆ నిరీక్షణలో ఉన్నవాళ్లకు, పుస్తకం చేతికి రాగానే తెరవకుండా ఉండడం సాధ్యమయ్యే పనేనా? మరో ఏడాది ఆగమనడం నాకు న్యాయంగా తోచదు.

ఇక వస్తువుగా హార్డ్‌బౌండ్ సంగతి. కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. టైటిల్ పేజీ వెనక, హక్కుల వివరాల కింద, ఒక అంకెల వరస ఉంటుంది. 9 నుంచి 1 దాకా దిగుతూనో, లేదా 2 4 6 8 9 7 5 3 1 అని అటూ ఇటూ సర్దినట్టుగానో కనిపిస్తుంది. అందులో మిగిలిన అతి చిన్న అంకె ఏదైతే అది ఆ ముద్రణ సంఖ్య. ఒకటి ఉంటే మొదటి ముద్రణ. 1 పోయి 2 మిగిలితే రెండోది. అన్ని సంస్థలూ ఒకే పద్ధతి పాటించవు కానీ ఎక్కువ చోట్ల ఈ లెక్క సరిపోతుంది. తర్వాత జాకెట్, అంటే అట్ట మీది కాగితపు తొడుగు, లోపలి మడత చూడాలి. పైమూల ధర అచ్చై ఉండాలి. ధర లేకుండా, పుస్తకం కొంచెం పొట్టిగా, కాగితం పలచగా ఉంటే అది బుక్ క్లబ్ తన సభ్యుల కోసం చవకగా వేయించిన ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ. చదువుకోవడానికి అదీ చాలు, కానీ దానికి మొదటి ముద్రణ ధర చెల్లించకూడదు. చివరగా పుస్తకాన్ని తిప్పి అడుగున పేజీల అంచు చూడాలి. నల్ల మార్కరు గీత ఉంటే, అమ్ముడుపోని సరుకుగా చవకగా వదిలించుకున్న ప్రతి అన్నమాట. నలగని ప్రతి కావాలనుకునేవాళ్లు దాన్ని పక్కన పెడతారు.

జాకెట్టే ఇక్కడ ప్రాణం. హార్డ్‌బౌండ్ విలువలో అధిక భాగం ఆ ఒక్క కాగితంలోనే ఉంటుంది. పారదర్శకమైన పాలిస్టర్ తొడుగు వేస్తే అంచులు చిరగవు, చేతి చెమట అంటదు. చదివేటప్పుడు జాకెట్ తీసి పక్కన పెట్టుకోవడం ఇంకా మంచిది.

ప్రత్యేక ప్రతుల మీద నాకు అంత మోజు లేదు. అమెరికాలో బార్న్స్ అండ్ నోబుల్ దుకాణాలు తమకు మాత్రమే ప్రత్యేకమైన ప్రతుల్లో మడత పోస్టరు చేర్చి అమ్మిన సందర్భాలున్నాయి. సెలబ్రేషన్ ఉత్సవాలకు వేరే ముఖచిత్రంతో ప్రతులు వస్తాయి. బ్రిటన్‌లో కొన్ని దుకాణాలు పేజీల అంచులకు రంగు వేసి, రచయిత సంతకం చేయించి, సంఖ్య వేసి అమ్ముతాయి. అందంగా ఉంటాయి, కాదనను. కానీ లోపలి కథ అదే. పైగా రంగు అంచున్న పుస్తకం తెరిచి చదవాలంటే మనసు ఒప్పదు. పోస్టరు విప్పితే మడతలు నలుగుతాయేమోనన్న భయం. చివరికి చదవడానికి మరో ప్రతి కొనవలసి వస్తుంది. రచయిత ఎదురుగా కూర్చుని, మీ పేరు అడిగి సంతకం చేసిన మామూలు ప్రతి ఉంటే మాత్రం నేను దాన్ని ఏ రంగు అంచుకూ ఇవ్వను.

పేపర్‌బ్యాక్ వైపు న్యాయంగా చెప్పవలసింది చాలా ఉంది. అనుబంధ నవలలు పెరిగింది ఆ చిన్న సైజు పుస్తకాల్లోనే. రైల్వే స్టేషన్లు, మందుల దుకాణాలు, సూపర్ మార్కెట్ల తిరుగుడు స్టాండ్లలో దొరికేవి. జేబులో పట్టేవి. ‘వెక్టర్ ప్రైమ్’తో మొదలై 2003లో ముగిసిన న్యూ జెడై ఆర్డర్ వరసలో 19 నవలలుంటే, హార్డ్‌బౌండ్‌గా వచ్చినవి 5, నేరుగా పేపర్‌బ్యాక్‌గా వచ్చినవి 14. అన్నీ ఒకే ఎత్తులో అరలో నిలబడాలంటే పేపర్‌బ్యాక్‌లే శరణ్యం. హార్డ్‌బౌండ్‌లో లేని చిన్న కథ ఒకటి కొన్ని పేపర్‌బ్యాక్‌ల చివర చేర్చి ఉంటుంది కూడా. ధర సంగతి చెప్పనే అక్కర్లేదు.

లోపాలూ తెలిసినవే. చవక కాగితంలోని ఆమ్లం వల్ల పేజీలు కొన్నేళ్లకే గోధుమ రంగుకు తిరుగుతాయి. ఒక్కసారి పూర్తిగా తెరిచి చదివితే వెన్ను మీద తెల్లని గీత పడుతుంది, అది మళ్లీ పోదు. విశాఖ, కాకినాడ వంటి సముద్ర తీరపు గాలిలో ఈ పుస్తకాలు ఇంకా త్వరగా పాడవుతాయి. అయితే అసలు సమస్య ఇది కాదు. అమెరికాలో పెద్ద దుకాణాలకు ఈ చిన్న సైజు పేపర్‌బ్యాక్‌లను సరఫరా చేస్తూ వచ్చిన రీడర్‌లింక్ సంస్థ, 2025 చివరికల్లా వాటి పంపిణీ మానేస్తామని ప్రకటించింది. ఇకపై ఆగినా దొరికేది పెద్ద సైజు పేపర్‌బ్యాకే కావచ్చు. దాని ధర పాత చిన్న పుస్తకమంత చవక కాదు, పాత వరసలో ఇమడదు. ఆగినందుకు దక్కే లాభం తగ్గిపోతోంది. అందుకే త్రాసు మరింతగా హార్డ్‌బౌండ్ వైపు మొగ్గింది.

వినేవాళ్ల సంగతి వేరు. థ్రాన్ నవలలను మార్క్ థాంప్సన్ చదివిన తీరు విన్నాక, పుస్తకం చదివేటప్పుడు కూడా ఆ గొంతే వినిపిస్తుంది. తొందరలేని, చల్లని, ఎదుటివాడి ఆలోచన ముందే పసిగట్టిన గొంతు. వెనక సంగీతం, యుద్ధ నౌకల హోరు కూడా ఉంటాయి. పాత నవలల ఆడియోలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: తొంభైల నాటివి చాలావరకు కుదించినవే, కథలో సగం పైగా ఎగిరిపోయి ఉంటుంది. పూర్తి పాఠమా కాదా అన్నది చూసి కొనాలి. ఈ-బుక్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చదవడానికి బ్రహ్మాండం, దాచుకోవడానికి ఏమీ ఉండదు. మనం కొనేది చదివే హక్కు మాత్రమే. మిత్రుడికి ఇవ్వలేము, పిల్లలకు మిగల్చలేము.

మన వాళ్లలో ఎవరు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి కూడా జవాబు కొంత మారుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారు మంగళవారం పొద్దున దుకాణానికి వెళ్లి, నాలుగు ప్రతులు తిప్పి చూసి, మూలలు నలగనిది ఎంచుకోవచ్చు. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. దిగుమతి ప్రతి ఆలస్యంగా వస్తుంది, మూల చితికి రావచ్చు, ధర రెట్టింపు కావచ్చు. వారికి నా సలహా: విడుదల రోజు ఈ-బుక్కో ఆడియోనో తీసుకుని కథ గుట్టు విప్పకముందే చదివేయండి. నచ్చితేనే కాగితం ప్రతికి డబ్బు పెట్టండి, అప్పుడు ముద్రణ చూసి తీరిగ్గా కొనుక్కోవచ్చు. పాత పేపర్‌బ్యాక్‌ల కోసం అయితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల గుట్టలు ఇప్పటికీ వెతకదగిన చోటే.

పాత ప్రతి కొంటే రచయితకు పైసా చేరదన్న మాటా గుర్తుండాలి. తన పాత స్టార్ వార్స్ నవలలకు రావలసిన రాయల్టీ అందడం లేదని, మొదటి నవల రాసిన ఫోస్టర్ చెప్పిన మాటను 2020 నవంబరులో అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం బయటపెట్టింది. పాఠకులు ఆయన పక్షాన నిలిచారు. ఆ వివాదం తర్వాత పరిష్కారమైంది. అప్పటి నుంచి నేను కొత్త నవలను కొత్త ప్రతిగానే కొనాలన్న పట్టుదలతో ఉన్నాను. పాత పుస్తకాల దుకాణాలు అచ్చులో లేని వాటి కోసం.

‘హెయిర్ టు ది ఎంపైర్’ ఒక్కదానికి మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టవలసి వస్తుంది. 1991 హార్డ్‌బౌండ్ అంత అరుదు కాదు, అప్పట్లో విరివిగా అమ్ముడైన పుస్తకం. టామ్ యుంగ్ ముఖచిత్రం చెదరని మొదటి ముద్రణ దొరికితే తప్పక తీసుకోండి. 2021లో లెజెండ్స్ వరసలో వచ్చిన పెద్ద సైజు పేపర్‌బ్యాక్ కొత్త పాఠకుడికి తేలిగ్గా దొరుకుతుంది. కానీ చదవడానికి 2011 నాటి ఇరవయ్యేళ్ల ప్రత్యేక ముద్రణే మేలు. పేజీల అంచుల్లో టిమొతీ జాన్ స్వయంగా రాసిన వ్యాఖ్యలున్నాయి. ఏ సన్నివేశం ఎందుకు అలా నడిపాడో, లూకాస్‌ఫిల్మ్ ఎక్కడ అభ్యంతరం చెప్పిందో ఆయన మాటల్లోనే తెలుస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు ఆ వ్యాఖ్యల జోలికి పోకుండా కథ పూర్తి చేసి, రెండోసారి వాటితో కలిపి చదవాలి.