బడ్ పవెల్‌కు ముగ్గురు పియానిస్టుల నివాళి: తేల్చింది ఎడమచేయి

అమెరికన్ జాజ్ పియానిస్టు బడ్ పవెల్ రచనలు వాయించే కచేరీల్లో శ్రోతల చూపు సాధారణంగా పియానిస్టు కుడిచేతి మీదే నిలుస్తుంది. చార్లీ పార్కర్ సాక్సఫోన్‌లో పలికించిన బెబాప్ (1940లలో పుట్టిన వేగవంతమైన జాజ్ శైలి) పోకడలను అంతే వేగంతో, అన్నే మలుపులతో పియానో మీద పలికించిన వ్యక్తి కాబట్టి అందులో వింతేమీ లేదు. అయితే న్యూయార్క్‌లోని ఒక చిన్న జాజ్ క్లబ్‌లో ముగ్గురు పియానిస్టులు ఒకరి తరువాత ఒకరు, ఒకే బాస్, డ్రమ్స్ జోడీతో ఆయనకు అర్పించిన నివాళి విన్నాక, పవెల్ శైలి ఎవరికి ఎంతవరకు పట్టుబడిందో తేల్చేది ఎడమచేయేనని నాకనిపించింది.

మొదటి పియానిస్టు ‘టెంపస్ ఫ్యూజిట్’తో ప్రారంభించారు. 1949లో బాసిస్టు రే బ్రౌన్, డ్రమ్మర్ మాక్స్ రోచ్‌లతో కలిసి పవెల్ రికార్డు చేసిన వేగానికి ఆయన ఏమాత్రం తగ్గలేదు, ఒక్క స్వరమూ తడబడలేదు. కానీ ఎడమచేత్తో నాలుగేసి స్వరాల నిండు కార్డులను (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుత్తులను) పియానో నడిమి భాగంలో ఎడతెరిపి లేకుండా వేస్తూ పోయారు. అది తరువాతి తరాల అలవాటు. పవెల్ ఎడమచేయి మహా పొదుపరి: కింది స్థాయిలో తరచుగా రెండు స్వరాలే, అవి కూడా కుడిచేయి ఊపిరి తీసుకునే సందులో, మనం ఎదురుచూడని చోట ఠక్కున పడతాయి. ఆ ఖాళీని నింపేస్తే పైనున్న గీతం పదును పోతుంది.

రెండవవారు, ముగ్గురిలోనూ పెద్దావిడ, ఈ సంగతి బాగా తెలిసినవారు. పవెల్ తన కుమార్తె పేరు పెట్టిన ‘సీలియా’ను తొందరపడకుండా ఎత్తుకున్నారు. సోలో (ఒంటరిగా అల్లుకుపోయే భాగం) మధ్యలో ఒకచోట ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తోనే చాలాసేపు నడిపి, వరుస ముగియబోతుండగా అట్టడుగున రెండు మెట్లను కలిపి నొక్కారు. బాసిస్టు తలెత్తి చూశారు. ఆ సాయంత్రానికి అదే శిఖరం.

మూడవ యువకుడు ఎంచుకున్న ‘ఉన్ పోకో లోకో’ సులువైనది కాదు. 1951లో బ్లూ నోట్ రికార్డుల సంస్థకు పవెల్ దీన్ని మూడుసార్లు వాయించగా మూడూ విడుదలయ్యాయి. సోలో మొత్తం దాదాపు ఒకే కార్డు మీద సాగాలి కనుక లయే దిక్కు. రోచ్ ఆనాడు కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) మీద అల్లిన ఎగుడుదిగుడు లయను ఇక్కడి డ్రమ్మర్ అనుకరించకుండా, దాని అంచులను మాత్రమే తాకుతూ వాయించారు. నిజం చెప్పాలంటే ఈ అంశంలో చప్పట్లు ఆయనకే దక్కాలి.

లోపాలూ ఉన్నాయి. బాస్‌కు పెట్టిన మైకు జోరు ఎక్కువై, మొదటి అరగంట పియానో కింది స్వరాలు మునిగిపోయాయి. వ్యాఖ్యాత 1945లో పవెల్ తిన్న పోలీసు దెబ్బల గురించి, ఆసుపత్రుల గురించి చెప్పినంతసేపు ఆయన రచనల గురించి చెప్పలేదు. నలభై ఒక్క ఏళ్లకే పోయిన మనిషి కష్టాలు తెలియాల్సినవే, కానీ టికెట్టు కొన్నది సంగీతం కోసం.

వెళ్లదలచినవారు రెండవ ప్రదర్శనకు వెళ్లడం మేలు, అప్పటికి శబ్దం సర్దుకుంటుంది. పియానిస్టు కుడిభుజం శ్రోతల వైపు ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చుంటే ఎడమచేయి కనబడదు. వేదికకేసి చూస్తే మీకు ఎడమవైపు, కాస్త వెనుకగా ఉన్న బల్లలు అడగండి.